తోడల్లుడి ఎర్ర బల్బు

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక ఇరుకు గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని, గిర్రున తిరిగే సానరాయికి అద్దం అంచు ఆనించి, అది ఫ్రేములో కదలకుండా కూర్చునేదాకా అరగదీయడం ఆయన పని. ముందు గదిలో కళ్ళు పరీక్ష చేసేవాళ్ళూ, నవ్వుతూ ఫ్రేములు అమ్మేవాళ్ళూ వేరే ఉండేవారు. వెనక గదిలో ఆయనా, సానరాయీ, దాని మీద చుక్కచుక్కగా పడే నీళ్ళూ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో తెల్లగా గాజుపొడి ఇరుక్కుని ఉండేది. పెద్దగా మాటల మనిషి కాదు. నలుగురిలో ఉంటే ఉన్నట్టు తెలిసేది కాదు, లేచి వెళ్ళిపోతే వెళ్ళినట్టూ తెలిసేది కాదు.

అలాంటి మనిషికి కూడా చెప్పుకోవడానికి ఒక గొప్ప ఉండేది. అది ఆయన ఇంట్లో మెట్ల కింద ఉండేది.

విరిగిన కుర్చీలూ తుప్పు పట్టిన డబ్బాలూ పడేసే కొట్టు అది. పెళ్ళైన కొత్తలో దాన్ని ఖాళీ చేసి, తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కి, ఫోటోలు కడుక్కునే చీకటి గది చేసుకున్నాడు. నిటారుగా నిలబడితే తల మెట్టుకి కొట్టుకునేది. అయినా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడంటే ఆయన ముఖం వేరే మనిషి ముఖంలా ఉండేదని భార్య అనేది.

ఫోటోల పనిలో ఏది కష్టం అని ఎవరైనా అడిగితే ఆయన కెమెరా పేరు చెప్పేవాడు కాదు. ఎర్ర దీపం అనేవాడు. ఫోటో కాగితానికి మామూలు వెలుతురు తగిలితే అది అక్కడికక్కడే పాడైపోతుంది. ఎర్ర వెలుతురు మాత్రం దాని కంటికి ఆనదు. కాబట్టి ఎర్ర దీపం పెట్టుకుని పని చేసుకోవాలి. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఏ ఎరుపో మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన మొదట మామూలు బల్బుకి భార్య గోళ్ళరంగు సీసా మొత్తం పూశాడు. బల్బు వేడెక్కి ఇల్లంతా ఘాటు కమ్మింది, కాగితం బూడిద రంగుకి తిరిగింది. తర్వాత బహుమతులకి చుట్టే ఎర్రటి మెరుపు కాగితం తెచ్చి చుట్టాడు. అది వేడికి ముడుచుకుపోయి, ముడతల మధ్య నుంచి తెల్లటి వెలుతురు తొంగిచూసింది. మళ్ళీ బూడిదే. తెల్లచొక్కా వేసుకున్న మనిషిని ఫోటో తీస్తే ఉతకని చొక్కాలా వచ్చేది. ఆ రోజుల్లో ఆయన అన్నం కంచం ముందు కూడా బల్బుల గురించే మాట్లాడేవాడు. భార్య చెవులు మూసుకునేది.

చివరికి, దుకాణం మూసేసుకుంటున్న ముసలి ఫోటోగ్రాఫరు ఒకాయన దగ్గర రేకు డబ్బా లాంటి దీపం దొరికింది. ముందు మందపాటి ముదురెరుపు గాజు, లోపల గుడ్డిగా వెలిగే చిన్న బల్బు. “కంటికి ఎర్రగా కనబడితే సరిపోదు నాయనా, కాగితానికి కనబడకుండా ఉండాలి. దీన్ని గోడవైపు తిప్పి పెట్టు. కాగితం మీద నేరుగా పడనియ్యకు. ఎందుకైనా మంచిది, బిళ్ళ పెట్టి చూసుకో,” అని ఆ ముసలాయన ఉపాయం కూడా చెప్పి పంపాడు.

ఉపాయం తేలికే. దీపం వెలుగులో ఫోటో కాగితం పరిచి, దాని మీద ఒక నాణెం పెట్టి, ఒక ఫోటో కడగడానికి పట్టేంతసేపు వదిలేయాలి. తర్వాత కాగితాన్ని బొమ్మ తేల్చే మందునీళ్ళలో వేయాలి. దీపం మంచిదైతే కాగితం తెల్లగానే ఉంటుంది. దొంగదైతే చుట్టూ మసకబారి, బిళ్ళ ఉన్నచోట మాత్రం తెల్లటి గుండ్రం కనిపిస్తుంది. భార్య తన పర్సులోంచి చిల్లర బిళ్ళ తీసిచ్చి, ఆ కొట్టులో ఆయన పక్కనే ముడుచుకుని కూర్చుంది. కాగితం పాలలా తెల్లగా వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ మురిసిపోతుంటే, “ఈ తెల్లకాగితం కోసమా ఇన్నాళ్ళ గోల! అడిగితే చాకలిపద్దు పుస్తకంలోంచి చింపి ఇచ్చేదాన్ని కదా,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత చుట్టాల్లో ఎవరింట్లో గోడ మీద చూసినా ఆయన కడిగిన ఫోటోలే. మనుషులు నిటారుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఎదురుగా చూస్తూ ఉంటారు. చొక్కా గుండీల దారం కూడా లెక్కపెట్టొచ్చు, అంత శుభ్రం. “అద్దాలాయన చెయ్యి పడాలి,” అనేవారు. ఆయన పైకేమీ అనేవాడు కాదుగానీ ఆ మాట విన్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

అలా ఉండగా ఆ ఊరికి బదిలీ మీద తోడల్లుడు వచ్చాడు.

భార్య చెల్లెలి మొగుడు. బస్సు డ్రైవరు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. వచ్చిన వారానికే వీధిలో పిల్లలందరికీ డ్రైవరు బాబాయి అయిపోయాడు. అద్దాలాయన అదే వీధిలో ఏళ్ళ తరబడి ఉంటున్నా ఏ పిల్లా ఆయన్ని అలా పిలవలేదు. అది ఆయనకి అప్పట్లో పట్టలేదు. తర్వాత పట్టింది.

ఒకరోజు డ్రైవరు మెడలో పాత కెమెరా వేలాడదీసుకుని వచ్చాడు. “అన్నయ్యా, మిమ్మల్ని చూసి నాకూ సరదా పుట్టింది. డిపోలో ఒకాయన అమ్ముతుంటే తీసేసుకున్నా. దీన్ని ఎక్కడ నొక్కాలో చెప్పండి చాలు,” అన్నాడు. అద్దాలాయనకి సంతోషమే వేసింది. గురువు స్థానం ఎవరికి చేదు! దూరం ఎలా సరిచూసుకోవాలో, వెలుతురు ఎటు ఉండాలో, చెయ్యి ఎలా బిగపట్టాలో ఓపిగ్గా చెప్పాడు. “తీసిన రీలు నాకిచ్చెయ్యి తమ్ముడూ, కడిగి ప్రింట్లు వేసి పెడతా,” అని మాటిచ్చాడు.

ఆ మాటే ఆయన్ని పట్టుకుంది.

మొదటి రీలు కడిగి, కాగితం మీదకి ఎక్కించి, ఎర్ర దీపం కింద మందునీళ్ళ ట్రేలో వేశాడు. తెల్లటి కాగితం మీద మెల్లగా ఒక కన్ను తేలింది, తర్వాత ఒక చెయ్యి. బస్సు కిటికీ పక్కన ఎవరో ముసలమ్మ, పక్కసీటులో ముక్కూముఖం తెలియని కుర్రాడి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఆ కుర్రాడు ఆమె నిద్ర చెడుతుందేమోనని కదలకుండా, మెడ ఒకపక్కకి పెట్టుకుని అవస్థ పడుతున్నాడు. అంతే ఫోటో. అద్దాలాయన ట్రే మీదకి వంగి చాలాసేపు చూశాడు. పక్కగా కొంచెం వంకర ఉంది. ఒక మూల వెలుతురు ఎక్కువైంది. తప్పులు దొరికాయి. కానీ చూపు మరలలేదు.

ఆయన కడుపులో చిన్నగా మంట మొదలైంది.

రెండో రీలూ అంతే, మూడోదీ అంతే. టిక్కెట్టు పళ్ళ మధ్య పెట్టుకుని చిల్లర వెతుక్కునే కండక్టరు. చక్రం కింద దూరిన మెకానిక్ కాళ్ళు, ఆ కాళ్ళ పక్కన కునుకు తీస్తున్న కుక్క. తన చేతులతో తానే తోడల్లుడి గొప్పని నీళ్ళలోంచి పైకి తీస్తున్నాడు. ఒకసారి కాగితాన్ని మందులో కావాలనే ఎక్కువసేపు ఉంచేద్దామా అనిపించింది. నల్లబడితే, బాగా రాలేదు తమ్ముడూ అనొచ్చు. చెయ్యి రాలేదు. ఏళ్ళ తరబడి శుభ్రమైన పనికి అలవాటు పడిన వేళ్ళు, సరిగ్గా సమయానికి కాగితాన్ని పట్టుకుని బయటికి లాగేశాయి.

ప్రింట్లు చూసి ఇంటిల్లిపాదీ మూగారు. మరదలు చప్పట్లు కొట్టింది. “ఎంత బాగా తీశారో చూడక్కా!” అని అక్కని కుదిపింది. కడిగిందెవరో ఎవరికీ గుర్తు రాలేదు. పన్నెండేళ్ళ కూతురు తన ఫోటో చేతిలో పట్టుకుని గంతులేసింది. నోటినిండా ఏదో కుక్కుకుని, కళ్ళు చిట్లించి నవ్వుతున్న ఫోటో అది.

“నాన్నా, నువ్వు తీస్తే నేను పోలీసు స్టేషన్లో దొంగలా ఉంటా. బాబాయి తీస్తే నాలా ఉన్నా,” అంది.

అందరూ పడీపడీ నవ్వారు. అద్దాలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉందో భార్య ఒక్కతే గమనించింది.

ఆ రోజు నుంచి ఆయనకి డ్రైవరు ఏం చేసినా తప్పుగానే కనబడింది. చెప్పులు గుమ్మం మధ్యలో విడిచినా తప్పే, టీ చప్పుడు చేస్తూ తాగినా తప్పే. దుకాణం ముందు నుంచి బస్సు వెళ్ళేటప్పుడు డ్రైవరు సరదాగా హారను కొడితే, వెనక గదిలో సానరాయి మీద చెయ్యి జారి ఒక అద్దం పెచ్చు లేచింది. దానికీ వాడినే తిట్టుకున్నాడు. తనకి లేనిది వాడికి ఏముందా అని ఆలోచించాడు. మంచి కెమెరా తనదే. శుభ్రమైన చెయ్యి తనదే. మనుషులు మాత్రం వాడి ముందు ఊపిరి వదిలేస్తున్నారు, తన ముందు బిగబట్టుకుంటున్నారు. అది ఏ దుకాణంలోనూ దొరికేది కాదని తెలిసినకొద్దీ మంట పెరిగింది.

కొన్నాళ్ళకి డ్రైవరు దుకాణానికొచ్చి, వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు.

“అన్నయ్యా, ప్రతిసారీ మీకు శ్రమ. మా స్నానాలగది కిటికీకి అట్ట కొట్టేశా. ప్రింట్లు నేనే వేసుకుంటా. ట్రేలూ మందులూ కొన్నా. ఒక్క ఎర్ర లైటే తెలియడం లేదు, మీ దగ్గరున్నలాంటిది ఎక్కడా దొరకలేదు. ఏది కొనమంటారు?”

సానరాయి తిరుగుతూనే ఉంది. అద్దాలాయన తల ఎత్తలేదు. గోళ్ళరంగు సీసా, మెరుపు కాగితం, ముసలాయన మాటలు, బిళ్ళ పరీక్ష అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కాస్త నోరు తెరిస్తే జారిపడేవి.

“ఏముంది తమ్ముడూ, ఎరుపు ఎరుపే. కరెంటు సామాన్ల కొట్లో అలంకారాలకి పెట్టే ఎర్ర బల్బు అడుగు, ఇస్తాడు,” అన్నాడు.

“అంతేనా! నేనింకా పెద్ద తతంగం అనుకున్నా,” అని డ్రైవరు సంబరంగా వెళ్ళిపోయాడు.

కాగితాన్ని పాడుచెయ్యడానికి రాని చెయ్యి, మాటని పాడుచెయ్యడానికి అడ్డం రాలేదు. అబద్ధమేం చెప్పాను, ఎరుపు ఎరుపే కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంటూ, అద్దాలాయన ఆ పూట చేసిన అద్దాలన్నీ రెండోసారి అరగదీయాల్సి వచ్చింది.

డ్రైవరు వేసిన ప్రింట్లు వచ్చాయి. అన్నిటిమీదా పొగమంచు పట్టినట్టు ఉంది. తెల్లగా ఉండాల్సిన చోట బూడిద, నల్లగా ఉండాల్సిన చోట ఇంకో బూడిద. ముఖాలు జ్వరం నుంచి లేచిన ముఖాల్లా ఉన్నాయి. మరదలు ఒకటి తీసి చూసి, మరొకటి తీసి చూసి, “పోన్లెండి, మొదటిసారి కదా,” అంది. కూతురు చూసి తిరిగిచ్చేసింది. డ్రైవరు పెద్ద నవ్వు ఆ పూట వినబడలేదు.

“ఏం పొరపాటు చేస్తున్నానో తెలియడం లేదన్నయ్యా. మందు మార్చా, కాగితం మార్చా. గంటలు గంటలు అందులోనే కూర్చున్నా.”

“చెయ్యి తిరగాలి తమ్ముడూ. అందరికీ వెంటనే రాదు,” అన్నాడు అద్దాలాయన, తన గొంతులోని తియ్యదనం తనకే వింతగా వినబడుతుండగా.

ఆ నెలల్లో ఆయనకి నిద్ర బాగా పట్టింది. ఆకలి బాగా వేసింది. చుట్టాలెవరో కలిసినప్పుడు, “ఎంతైనా మీ చేతి పని మీదే,” అన్నారు. తన ఫోటోలు మళ్ళీ గోడల మీద వెలిగాయి. డ్రైవరు మాత్రం ఇప్పుడు ఏదైనా ఫోటో తీసేముందు ఒక క్షణం ఆగి, కెమెరా దించేసేవాడు. “ఎందుకులే, ఎలాగూ పాడుచేస్తాను,” అనేవాడు. ఆ మాట వింటే అద్దాలాయనకి లోపల ఎక్కడో గుచ్చుకునేది. గుచ్చుకున్నచోటే చల్లగా కూడా ఉండేది. రెండూ ఒకేచోట ఎలా ఉంటాయో ఆయనకి అర్థమయ్యేది కాదు.

డ్రైవరు ప్రింట్లు వేసుకుంటున్నా, రీళ్ళు కడగడం మాత్రం ఇంకా అద్దాలాయనే చేసి ఇస్తున్నాడు. డ్రైవరు ఎప్పుడైనా మెట్ల కిందకి వచ్చి చూసినా ప్రింట్లు వేసేటప్పుడే చూశాడు. రీలు విప్పేటప్పుడు అద్దాలాయన ఒక్కడే ఉండేవాడు, ఆ కాసేపు ఎర్ర దీపం కూడా ఆర్పేసేవాడు. రీలు కాగితంలాంటిది కాదు. దానికి ఎరుపు కూడా కనబడుతుంది. దానికి గుడ్డి చీకటి కావాలి.

ఒక మధ్యాహ్నం డ్రైవరు మళ్ళీ దుకాణం వెనక గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం కాస్త తేటగా ఉంది.

“అన్నయ్యా, ఈసారి రీలు కూడా నేనే కడుగుతా. ప్రింట్లు ఎలాగూ చెడుతున్నాయి, కనీసం ఇదైనా నేర్చుకుందామని. మా ఎర్ర లైటు ఉంది కదా, సరిపోతుంది.”

అద్దాలాయన సానరాయి ఆపాడు. ‘ఆగు తమ్ముడూ, రీలుకి ఏ లైటూ పనికిరాదు’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. నిజంగానే చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి ఎవరో అద్దాలు తయారయ్యాయా అని పిలిచారు. “వస్తున్నా,” అని లేచి వెళ్ళాడు. అక్కడ అవసరానికి మించి నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి డ్రైవరు డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు.

మర్నాడు సెలవురోజు. పొద్దున్న అద్దాలాయన వంటగది గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. డ్రైవరు చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చాడు. చేతిలో తడి ఆరని రీలు వేలాడుతోంది.

“ఏం తప్పు చేశానో చూడండన్నయ్యా.”

అద్దాలాయన దాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకి నలుపు. తారులా, సందు లేని నలుపు. ఒక్క గీత లేదు, ఒక్క నీడ లేదు.

“ఇందులో ఏం తీశావు?” అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

డ్రైవరు వదిన వైపు చూశాడు. ఆమె కత్తిపీట పక్కకి పెట్టి, కళ్ళు మోచేత్తో తుడుచుకుంది.

“నేను స్కూటరు నేర్చుకుంటున్నానండీ,” అంది మొగుడితో. “చెల్లి నేర్పుతోంది, డిపో వెనక ఖాళీస్థలంలో. బాగా వచ్చాక మీకు చెప్పి ఆశ్చర్యపెడదామనుకున్నా. నిన్న పొద్దున్న మొదటిసారి నేనొక్కదాన్నే నడిపా. మరిదిగారు ఫోటోలు తీశారు.”

“ఎంత నవ్వారో అన్నయ్యా వదిన!” అన్నాడు డ్రైవరు. “ఇసకకుప్పలోకి పోనిచ్చి, అందులోనే కూర్చుండిపోయి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నా జన్మలో అంత మంచి ఫోటో తియ్యలేదు. మీకివ్వాలనే తీశా. అంతా నా చేతులతో నేనే తగలబెట్టుకున్నా.”

అద్దాలాయనకి ముందు గుచ్చుకున్నది నేరం కాదు. తన భార్య తన కెమెరా ముందు ఎన్నడూ అలా నవ్వలేదన్నది గుచ్చుకుంది. ఇసకలో కూర్చుని నవ్వింది, అది వాడు చూశాడు, తాను చూడలేదు. ఇప్పుడు ఎవరూ చూడలేరు. ఆ తర్వాతే మిగతాది మెల్లగా దిగింది, గుటక పడని మందుబిళ్ళలా.

“రీలు ఎక్కడ విప్పారు మరిదిగారూ?” అని అడిగింది భార్య.

“స్నానాలగదిలోనే వదినా. ఎర్ర బల్బు వేసుకుని.”

“ఏ ఎర్ర బల్బు?”

“అన్నయ్య చెప్పిందే. అలంకారాల బల్బు.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఆ కొట్టులో ముడుచుకుని కూర్చుని, పర్సులోంచి బిళ్ళ తీసిచ్చిన మనిషి ఆమె. అన్నం ముందు బల్బుల గోల విన్న మనిషి ఆమె.

“మరిదికి బిళ్ళ సంగతి చెప్పలేదా మీరు?”

“అడగలేదు,” అన్నాడు అద్దాలాయన.

“అడగలేదా!” అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ కత్తిపీట ముందుకు లాక్కుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఉల్లిపాయలన్నీ అయిపోయాయి. ఆమె ఇంకా కొన్ని తెచ్చుకుని తరిగింది.

డ్రైవరు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “బిళ్ళేమిటన్నయ్యా?” అన్నాడు.

“పద, మీ ఇంటికి పోదాం. చూపిస్తా,” అని అద్దాలాయన లేచాడు.

స్నానాలగదిలో బకెట్లు బయట పెట్టి, తలుపు వేసి, ఎర్ర బల్బు వెలిగించారు. గదంతా పండుమిరప రంగులో మెరిసిపోయింది. చేతి గీతలు కూడా కనబడుతున్నాయి. ఆ వెలుగు ఎంత ఎక్కువో చూడగానే తెలిసిపోయింది అద్దాలాయనకి. కాగితం పరిచి, జేబులోంచి బిళ్ళ తీసి మధ్యలో పెట్టాడు. ఇద్దరూ బోర్లించిన బకెట్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కుళాయి చుక్కలు పడుతున్నాయి. తర్వాత కాగితాన్ని మందులో వేశాడు. చూస్తుండగానే అది మసకబారింది. మధ్యలో తెల్లటి గుండ్రం మిగిలింది, ఎవరో కన్ను తెరిచి చూస్తున్నట్టు.

“ఇదీ సంగతి. బల్బు మీద పూత పల్చన. ఎరుపు మాటున వేరే వెలుతురు కారిపోతుంది. నీ ప్రింట్లు చెడింది దీనివల్లే. రీలుకైతే అసలు ఏ వెలుతురూ తగలకూడదు.”

డ్రైవరు ఆ గుండ్రం మీద వేలు పెట్టాడు.

“ఈ పరీక్ష మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“నేను బల్బు అడిగిన రోజు తెలుసా?”

“అప్పుడూ తెలుసు. నీ ఫోటోలు చూసి ఓర్వలేకపోయా తమ్ముడూ. కళ్ళల్లో కారం కొట్టుకున్నట్టు ఉండేది. అందుకని చెప్పలేదు.”

డ్రైవరు కాగితం మీంచి వేలు తీశాడు. తర్వాత లేచి తలుపు బార్లా తీశాడు. బయటి వెలుతురు వచ్చి ట్రేలో కాగితం మొత్తం నల్లగా తిరిగిపోయింది.

“రీలు పోయిందని కాదన్నయ్యా. ఇన్ని నెలలూ నా చేతుల్ని నేనే తిట్టుకున్నా. దేనికీ పనికిరావనుకున్నా. మీరు పక్కనే కూర్చుని చూశారు,” అన్నాడు. ఆ తర్వాత తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఇక వెళ్ళమన్నట్టు.

తర్వాత కొన్నాళ్ళు రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఆడవాళ్ళవే. బస్సు దుకాణం ముందు నుంచి చప్పుడు లేకుండా పోయేది. భార్య ఇంట్లో మాట్లాడేది, వడ్డించేది, కాకపోతే కొత్తగా ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడేది. ఆయనకి ఆ మర్యాదే భరించరానిదైంది. చుట్టాలు మెచ్చుకున్న ఫోటోలు గోడ మీద చూస్తే రుచించలేదు.

ఒకరోజు దుకాణానికి సెలవు పెట్టి పాత సామాన్ల బజారుకి వెళ్ళాడు. పొద్దంతా తిరిగాడు. ఎర్ర దీపాలు దొరికాయి, కానీ ఒకదానికి గాజు పల్చన, మరొకదానికి రేకు పగులు. సందు చివర ఒక కొట్లో ముదురు గాజు దీపం ఒకటి కనబడింది. కొనకుండా, కొట్టువాణ్ణి పక్కన పెట్టమని చెప్పి, తిన్నగా డిపోకి పోయి డ్యూటీ దిగే వేళకి నిలబడ్డాడు.

“దీపం ఒకటి చూశా. నేను చెప్పింది నమ్మి కొనొద్దు. నువ్వే బిళ్ళ పెట్టి చూసుకుని కొనుక్కో,” అన్నాడు.

డ్రైవరు టోపీ తీసి తల గోక్కున్నాడు. “కొట్లో చీకటెక్కడ దొరుకుతుంది పరీక్ష చెయ్యడానికి?” అన్నాడు ముక్తసరిగా.

“అదీ నిజమే. నేను అంతదూరం ఆలోచించలేదు.”

డ్రైవరుకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. అయినా దారిలో ఇంటి దగ్గర ఆగి మందూ కాగితం తీసుకుని వచ్చాడు. కొట్టువాణ్ణి బతిమాలి, గోనెసంచులు పేర్చిన వెనక గదిలో దుప్పటి కప్పుకుని ఇద్దరూ దూరారు. “ఎవరయ్యా మీరు, ఏం చేస్తున్నారయ్యా లోపల?” అని కొట్టువాడు కేకలేస్తుంటే, ఉక్కతో చెమటలు కక్కుతూ, దుప్పటి కింద బిళ్ళా కాగితం పట్టుకుని కూర్చున్నారు. చిన్న సీసాలో తెచ్చుకున్న మందు సగం డ్రైవరు పంట్లాం మీద ఒలికింది. మిగిలిన సగంలో ముంచితే కాగితం తెల్లగా వచ్చింది. డ్రైవరు దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు. నమ్మకం తొందరగా రాలేదు. అందులో తప్పేముంది.

పోయిన ఫోటోలు మాత్రం మళ్ళీ రాలేదు. మళ్ళీ తీద్దామని ఇద్దరూ వేర్వేరుగా అడిగారు. భార్య ఒప్పుకోలేదు. “ఆ రోజు వచ్చింది నవ్వు. రోజూ వచ్చి ఇసకలో పడమంటే నావల్ల కాదు,” అంది.

తర్వాతి ఏడాది డిపోవాళ్ళు తమ భోజనాల హాల్లో డ్రైవరు ఫోటోలు వరసగా తగిలించారు. అన్నీ అతనే సొంతంగా ప్రింటు వేసినవి. అద్దాలాయన భార్యతో వెళ్ళాడు. ఒక్కో ఫోటో ముందూ నిలబడి, ముక్కు ఆనేంత దగ్గరగా పోయి, తెల్లటి భాగాల్లో ఎక్కడైనా మసక ఉందేమోనని వెతికాడు. లేదు. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా ఉన్నాయి. ఇంతకాలం తనకి మిగిలిన ఒక్క గొప్ప, ఆ శుభ్రం, అది కూడా వాడి చేతికి వచ్చేసింది. చూపించింది తానే. చుట్టూ జనం ఆహా ఓహో అంటుంటే, కడుపులో పాత మంట ఏమీ తగ్గకుండా లేచింది.

“అది కాస్త ఎడమకి ఒరిగింది,” అన్నాడు ఒక ఫోటో చూపించి.

“ఒరిగింది మేకు. ఫోటో కాదు,” అంది భార్య.

డ్రైవరు జనంలోంచి వచ్చి, “ఎలా ఉన్నాయన్నయ్యా?” అని అడిగాడు. మునుపటి చనువు పూర్తిగా లేదుగానీ, అడిగాడు. అద్దాలాయన గొంతు సవరించుకుని, “బాగున్నాయి. ముసలమ్మది చాలా బాగుంది,” అన్నాడు. ఆ నాలుగు మాటలు బయటికి తేవడానికి సానరాయి మీద పొద్దంతా కూర్చున్నంత అలుపు వచ్చింది.

తిరుగుప్రయాణంలో స్కూటరు ఆమె నడిపింది. ఆయన వెనక కూర్చున్నాడు. కొంతదూరం పోయాక, “ఇంకా ఓర్వలేకపోతున్నానే,” అన్నాడు.

“తెలుసు,” అంది ఆమె, అద్దంలోంచి ఒకసారి చూసి. “గట్టిగా పట్టుకోండి, మలుపు ఉంది.”